తాళంచెవి ఎవరి చేతిలో ఉంది?

(మండల కేంద్రంలో జరిగిన కార్యకర్తల శిక్షణా తరగతిలో ఒక టీచరు చేసిన ప్రసంగ పాఠం. ఆమె మాట్లాడిన తీరును వీలైనంతవరకు అలాగే ఉంచాం. – సం.)



నన్ను ఈ రోజు 'విద్య – మన కర్తవ్యాలు' అనే అంశం మీద మాట్లాడమన్నారు. కరపత్రంలో కూడా అదే అచ్చు వేశారు. నిర్వాహకులు క్షమించాలి, నేను ఒక సెల్‌ఫోను గురించి మాట్లాడబోతున్నాను. మా చిన్నమ్మ ఫోను. నవ్వకండి. ఈ హాల్లో కూచున్న వాళ్ళలో కొందరి ఫోన్లకి కూడా ఈ సంగతితో సంబంధం ఉండొచ్చు. అందుకే వచ్చాను.

మా చిన్నమ్మ మిరపకోతలకు పోతుంది. 2023లో కోతలు అయిపోయాక, మే నెలలో, పోగేసుకున్న కూలి డబ్బుల్లోంచి ఎనిమిది వేల ఐదు వందలు పెట్టి టచ్ ఫోను కొనుక్కుంది. కూతురు ఒంగోల్లో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. ఆ పిల్ల మొహం చూసి మాట్లాడాలని చిన్నమ్మ కోరిక. కొట్టులో కుర్రాడు కవరు చించి, సిమ్ము వేసి, వాట్సాప్ ఎక్కించి, గంటలో చేతిలో పెట్టాడు. మధ్యలో ఫోను ఏదో అడిగింది. "జీమెయిల్ ఉందా పెద్దమ్మా?" అన్నాడు. "అదేంది నాయనా?" అంది ఈమె. "సర్లే, నాది వేస్తా" అన్నాడు. ఆ 'నాది వేస్తా' అన్న మాట దగ్గరే ఈ కథంతా ఉంది. కానీ ఆ రోజు అది ఉపకారం లాగా ఉంది. బిల్లు అడిగితే, బిల్లుకి అయితే పన్ను పడుతుంది, మనోళ్ళకి ఎందుకులే అన్నారు. మా చిన్నమ్మ సంతోషంగా ఇంటికొచ్చింది.

కొన్నాళ్ళకు ఒక విచిత్రం జరిగింది. ఆమె ఫోనులో ఎవరెవరి పేర్లో కనపడటం మొదలుపెట్టాయి. ఎవరో సిమెంటు కొట్టు ఆయన, ఎవరో 'అత్త కొత్త నంబరు', ఎవరో 'గేదెల డాక్టరు'. నాకు చూపించి "ఏందే టీచరమ్మా ఇది, దయ్యాలు గానీ దూరినయ్యా?" అంది. నేను కూడా పట్టించుకోలేదు. కంపెనీ వాళ్ళ నంబర్లేమోలే అన్నాను. ఎమ్మే, బీఈడీ చదివినదాన్ని, ఇరవై ఏళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పినదాన్ని, అంత తెలివిగా జవాబు చెప్పాను. ఆ రోజు ఒక్క ప్రశ్న వేసుకుని ఉంటే మిగతాది జరిగేది కాదు.

2024 జులైలో చిన్నమ్మ ఫోను తెరిచే గీత మార్పించింది. పక్కింటి ఎనిమిదో తరగతి పిల్లోడి చేత పెట్టించుకుంది. తెల్లారేసరికి ఇద్దరూ మరిచిపోయారు. ఆ గీత, ఈ గీత గీసి చూస్తే ఫోను ముప్పై సెకన్లు ఆగమంది, తర్వాత ఇంకాసేపు ఆగమంది. పల్లెలో ఒక తమ్ముడు "ఇదేం పని పెద్దమ్మా, రెండు నిమిషాలు" అని ఫోను ఆపి, పవర్ బటనూ, శబ్దం పెంచే బటనూ కలిపి నొక్కి, వచ్చిన పట్టీలోంచి రీసెట్ చేసేశాడు. ఫోను కొత్తదాని మాదిరి తెరుచుకుంది. నమస్కారం పెట్టింది, భాష అడిగింది, వైఫై అడిగింది. ఆ తర్వాత ఆగింది. ఇంతకు ముందు ఈ ఫోనులో ఉన్న గూగుల్ ఖాతాతో లోపలికి రండి, లేదా పాత గీత గీయండి అంది. పాత గీత తెలిస్తే రీసెట్ ఎందుకు చేస్తాం? ఇక ఖాతా. ఏ ఖాతా? ఎవరిది? అది మాత్రం చెప్పదు.

ఈ తాళం సంగతి కాస్త నిదానంగా చెబుతాను, ఎందుకంటే చాలామంది దీన్ని ఫోను పాడవటం అనుకుంటున్నారు. పాడవలేదు. ఫోను తన పని తాను చేస్తోంది. పదేళ్ళకు ముందే అమెరికా పట్టణాల్లో ఫోన్లు లాక్కుని పారిపోయే దొంగతనాలు బాగా పెరిగాయి. దొంగ చేసే మొదటి పని రీసెట్. లోపల ఉన్నదంతా తుడిచేసి కొత్తదాని మాదిరి అమ్ముకోవటం. 2013లో ఆపిల్ కంపెనీ తన ఫోన్లకి ఒక తాళం పెట్టింది. 2014లో మిన్నెసోటా, కాలిఫోర్నియా రాష్ట్రాలు ఇలాంటి తాళం ఉండి తీరాలని చట్టాలు చేశాయి. కాలిఫోర్నియా చట్టం 2015 జులై 1 నుంచి అమల్లోకి వచ్చింది. అదే ఏడాది గూగుల్ కూడా ఆండ్రాయిడ్ 5.1 తో ఈ తాళం తెచ్చింది. ఎఫ్ఆర్‌పీ అంటారు. ఫ్యాక్టరీ రీసెట్ ప్రొటెక్షన్. ఫోనుని సెట్టింగుల్లోంచి, గీతో పిన్నో కొట్టి రీసెట్ చేస్తే, ఇది సొంతదారే చేస్తున్నాడని నమ్మి తాళం పడదు. బయట నుంచి బటన్లు నొక్కి చేస్తే, దొంగేమోనని అనుమానించి తాళం పడుతుంది. ముందు ఉన్న ఖాతా పేరు, పాస్‌వర్డ్ చెప్పినవాడే సొంతదారు.

ఆ ఏర్పాటుని నేను తప్పు పట్టను. దొంగల మీద పెట్టిన తాళం అది. కానీ ఆ లెక్క ప్రకారం మా చిన్నమ్మ ఫోనుకి సొంతదారు ఎవరు? ఎండలో మిరపకాయలు కోసి డబ్బు కట్టింది ఈమె. ఫోను దృష్టిలో సొంతదారు కొట్టులో కుర్రాడు. ఈమె దొంగ.

ఇక్కడ మా నాయన సంగతి ఒకటి చెప్పకుండా ఉండలేను. ఆయనకు 1978లో ఎకరం డి-పట్టా ఇచ్చారు. ఆ కాయితాన్ని, ఆరు వందల అప్పు కింద, ఒక ఆసామి తన ఇనప్పెట్టెలో పెట్టుకున్నాడు. "మీ గుడిసెలో చెదలు పడతాయిరా, నా దగ్గరుంటే భద్రంగా ఉంటుంది" అన్నాడు. అంతకు ఏడాది ముందే, 1977లో, ప్రభుత్వం ఇచ్చిన అలాంటి భూములు చేతులు మారకూడదని ఆంధ్రప్రదేశ్‌లో చట్టం వచ్చి ఉంది. మా నాయనకు తెలియదు. నేను డిగ్రీలో చేరాక ఆ చట్టం చదివి, 1997లో ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరిగితే కాయితం బయటికొచ్చింది. పందొమ్మిదేళ్ళు మా పొలం తాళంచెవి ఇంకొకళ్ళ ఇనప్పెట్టెలో ఉంది. 'నాది వేస్తా' అన్న కుర్రాడిని ఆ ఆసామితో పోల్చటం లేదు. ఆ కుర్రాడు మంచోడు. కాని మనం మాత్రం మళ్ళీ అదే చోట నిలబడి ఉన్నాం.

సరే, ఫోను పట్టుకుని తిరిగాం. కొన్న కొట్టు మూసేశారు. ఒంగోల్లో సర్వీసు సెంటర్‌కి పోతే, మర్యాదగానే, బిల్లు తెండి అన్నారు. బిల్లు లేదు. ఇంకొక చోట మెకానిక్కు పన్నెండు వందలిస్తే 'బైపాస్' చేస్తానన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఎవరి ఫోనైనా అడక్కుండా తెరిచేవాడు దొంగ ఫోన్లు కూడా తెరుస్తాడు. మన ఫోనులో ఏం ఎక్కిస్తాడో మనకు తెలియదు. మళ్ళీ రీసెట్ చేస్తే మళ్ళీ తాళం పడొచ్చు. 2024లో వచ్చిన ఆండ్రాయిడ్ 15 నుంచి అలాంటి దొడ్డిదారులు ఇంకా బిగించారు కూడా.

చిన్నమ్మకి డబ్బు పోయిందన్న బాధ కంటే వేరే బాధ ఎక్కువ. మా చిన్నాయన 2023 అక్టోబరులో చనిపోయాడు. ఆయనకు పెళ్ళినాటి ఫోటో కూడా లేదు. ఉన్నవన్నీ ఆ ఫోనులోనే. ఇంకొకటి, 2024 ఫిబ్రవరి, మార్చి నెలల్లో పద్నాలుగు మంది ఆడోళ్ళు ఒక ముఠాగా కోతకు పోయారు. తొమ్మిది రోజుల కూలి ఆగింది. రోజుకి 350 లెక్కన మనిషికి 3,150, అందరిదీ కలిపితే 44,100. మేస్త్రి నోటుపుస్తకంలో రోజూ వేసిన హాజరుని మా చెల్లెలు సెలవులకొచ్చినప్పుడు ఫోటోలు తీసింది. మేస్త్రి తర్వాత ఆ పుస్తకం పోయిందన్నాడు. మన దగ్గర ఫోటోలున్నాయిలే అని ధైర్యంగా ఉన్నారు. ఆ ఫోటోలు ఉన్న ఫోనుని మనమే తుడిచేశాం.

చివరికి ఆ కుర్రాణ్ణి పట్టుకున్నాను. కొట్టు పక్కన టీ బంకు ఆమె చెప్పింది, వాళ్ళ మేనత్త ఊరు ఫలానా అని. మన పక్క పల్లె పిల్లోడే. ఇప్పుడు హైదరాబాదులో బండి మీద పార్సిళ్ళు ఇస్తున్నాడు. ఫోను చేస్తే పాపం వెంటనే మాట్లాడాడు. "మేడం, ఏ జీమెయిలు వేశానో గుర్తులేదు, మూడున్నాయి" అన్నాడు. మూడూ చెప్పాడు, మూడోది కుదిరింది. పాస్‌వర్డ్ ఏమిటంటే కొట్టు పేరు, పక్కన ఒకటి రెండు మూడు. అతని ఫోనులో 'లోపలికి వస్తున్నది నువ్వేనా' అని అడిగితే అవునని నొక్కాడు. చిన్నమ్మ ఫోను తెరుచుకుంది. లోపల ఏమీ లేదు. తాళం తెరుచుకుంటే సరిపోదు, రీసెట్‌లో తుడిచింది తుడిచినట్టే. దాచిన నకలు ఎక్కడైనా ఉంటేనే తిరిగొస్తుంది.

నకలు ఉంది. ఎక్కడంటే ఆ కుర్రాడి ఖాతాలో.

దసరాకి అతను ఊరొచ్చినప్పుడు మా ఇంటికొచ్చాడు. వరండాలో కూచుని అతని ఫోనులోనే ఆ ఖాతా ఫోటోలు తెరిచాం. ఎవరిదో పెళ్ళి. ఎవరివో మేకలు. ఒక ముసలాయన బ్యాంకు పాసుపుస్తకం. ఒక బిడ్డకి నీళ్ళు పోస్తున్న బాలింత. స్నేహితురాళ్ళతో హాస్టల్ గదిలో మా చెల్లెలు. వాటి మధ్యలో, మంచం మీద కూచుని బీడీ వెలిగించుకుంటున్న మా చిన్నాయన. చిన్నమ్మ ఫోను గుండెకు హత్తుకుని ఏడ్చింది. నాకు మాత్రం ఒళ్ళు జలదరించింది. ఆ కుర్రాడు ఏడుపు మొహం పెట్టి "నేనెప్పుడూ తెరవలేదు మేడం, మా అమ్మ మీద ఒట్టు" అన్నాడు. నేను నమ్మాను. కానీ ఆ పాస్‌వర్డ్ కొట్టు యజమానికీ తెలుసు, అక్కడ పనిచేసిన మిగతా ఇద్దరికీ తెలుసు. ఖాతా ఎవరి చేతిలో ఉందో వాళ్ళు ఫోటోలు చూడటమే కాదు, 'ఫైండ్' అనే సదుపాయంతో ఆ ఫోను ఏ ఊళ్ళో, ఏ వీధిలో ఉందో చూడొచ్చు, దూరం నుంచి తాళం వేయొచ్చు, తుడిచేయనూ వచ్చు. మన ఆడపిల్లలు పట్నంలో ఏ బస్సు ఎక్కారో, ఏ గదిలో ఉన్నారో తెలుసుకోవటానికి ఎవరూ వెంటపడక్కర్లేదు. మనమే కొనిచ్చిన ఫోను చాలు.

ఫోటోలు చూస్తూ పోతే 2023 డిసెంబరు దగ్గర ఆగిపోయాయి. ఒక ఖాతాకి ఉచితంగా ఇచ్చే జాగా పదిహేను జీబీ. అన్ని ఫోన్ల ఫోటోలూ అందులోకే వచ్చి పడితే నిండిపోయింది. చిన్నాయన ఫోటోలు అరవై ఒకటి దొరికాయి. మేస్త్రి పుస్తకం ఫోటోలు దొరకలేదు. పద్నాలుగు మందీ పోయి మేస్త్రి ఇంటి ముందు ఒక పూటంతా కూచుంటే అయిదు రోజుల కూలి ఇచ్చాడు. మిగతా నాలుగు రోజులది, 19,600, ఇప్పటికీ రాలేదు. ఆధారం ఏదని అడుగుతున్నాడు.

ఇప్పుడు అసలు నేను వచ్చిన పని. ఆ ఖాతాలోకి పోతే, అందులో ఏయే ఫోన్లు ఉన్నాయో పట్టీ కనిపిస్తుంది. ఇరవై మూడు ఫోన్లు. ఫోను రకం ఉంటుంది గానీ మనిషి పేరు ఉండదు. మాకు మొదట తోచింది, ఖాతా మొత్తం తీసెయ్యమని చెబుదామా అని. ఆలోచిస్తే, అలా తీసేస్తే ఆ ఇరవై మూడు ఫోన్లలో ఏది బటన్లతో రీసెట్ అయినా ఇక తెరిపించే దిక్కు ఉండదు. అందుకని ఆ కుర్రాడు ఖాతా ఉంచి, మా ముందే పాస్‌వర్డ్ మార్చాడు. యజమానికి తెలియని పాస్‌వర్డ్. అప్పటి నుంచి ఆ ఫోన్లలోంచి కొత్త ఫోటోలు అందులోకి పోవటం ఆగింది. ఆ ఫోన్లు 'ఖాతాలో మళ్ళీ ప్రవేశించండి' అని అప్పుడప్పుడు అడుగుతుంటాయి. ఫోటోల్లో మొహాలు గుర్తుపట్టి తొమ్మిది ఇళ్ళకు పోయి చెప్పాం. కొందరు తిట్టారు, మా ఫోటోలు మీరెందుకు చూశారని. న్యాయమే. ఇంకా పద్నాలుగు మంది దొరకలేదు. 2023 మే, జూన్ నెలల్లో, పాత బస్టాండు ఎదురుగా, ఇప్పుడు మూసేసిన కొట్టులో ఫోను కొన్నవాళ్ళు, మీ పల్లెల్లో ఎవరున్నా, దయచేసి నా దగ్గరికి పంపండి. ఆ కుర్రాడి మీద కేసు పెట్టటానికి కాదు. వాళ్ళ ఫోటోలు వాళ్ళకిచ్చి, అక్కణ్ణుంచి తీసేయటానికి.

ఆ కొట్టులో కొననివాళ్ళు కూడా చూసుకోవాలి. సెట్టింగుల్లో 'గూగుల్' అనో 'అకౌంట్స్' అనో ఉంటుంది. అది నొక్కితే మెయిల్ పేరు కనిపిస్తుంది. అది మీది కాకపోతే, ముందు మీ పేరుతో కొత్త ఖాతా చేసుకుని ఫోనులో చేర్చండి, మీ ఫోటోల నకలు అందులోకి వెళ్ళేటట్టు పెట్టండి, ఆ తర్వాతే పాతదాన్ని తీసేయండి. తిరగేసి చేయొద్దు. కొత్త ఖాతాకి 'రికవరీ' నంబరు అడుగుతుంది. మీ నంబరే ఇవ్వండి. రీఛార్జి ఆఫర్ల కోసం సిమ్ములు మారుస్తుంటాం మనం. మారిస్తే ఖాతాలో కూడా మార్చాలి. వదిలేసిన నంబరుని కంపెనీ కొన్నాళ్ళకి ఇంకొకళ్ళకి ఇచ్చేస్తుంది. అప్పుడు మన తాళంచెవి మళ్ళీ ఎవడి చేతికో పోతుంది. సిమ్ము వేరు, ఖాతా వేరు, ఫోను తెరిచే గీత వేరు. ఈ మూడిటినీ మనోళ్ళు ఒకటే అనుకుంటున్నారు, గొడవంతా అక్కడే. పాస్‌వర్డ్ మరిచిపోయి మార్చుకుంటే, ఒక రోజు ఆగి గాని రీసెట్ జోలికి పోవద్దు, కొత్త పాస్‌వర్డ్ వెంటనే పనిచేయదు.

పాత ఫోను కొనేటప్పుడు, అమ్మేవాడు మన కళ్ళ ముందే తన ఖాతా తీసేసి, సెట్టింగుల్లోంచి రీసెట్ చేసి, ఖాతా అడక్కుండా తెరిచి చూపించాకే డబ్బులివ్వాలి. నక్షత్రం, హాష్, సున్నా, ఆరు, హాష్ నొక్కితే పదిహేను అంకెల ఐఎంఈఐ నంబరు వస్తుంది. ఇంగ్లీషు అక్షరాల్లో కేవైఎం అని కొట్టి, కాస్త ఖాళీ వదిలి ఆ అంకెలు కొట్టి 14422కి మెసేజీ పెడితే ఆ ఫోను సంగతి చెబుతుంది. కేంద్ర టెలికాం శాఖ 2023 మేలో తెచ్చిన సంచార్ సాథీ కింద పోయిన ఫోనుని మన దేశంలోని నెట్‌వర్కుల్లో పనిచేయకుండా ఆపించొచ్చు. దానికీ ఆ అంకెలే కావాలి. అందుకే బిల్లు. పన్ను పడినా సరే, బిల్లు మీద మీ పేరు, ఆ పదిహేను అంకెలు ఉండాలి. రేషను కార్డు పెట్టే కవర్లోనే పెట్టుకోండి.

పొద్దున ఒక అక్క అడిగింది, "చదువు రానోళ్ళం, పాస్‌వర్డ్ ఎట్టా రాసుకోవాలి టీచరమ్మా?" అని. దీనికి నా దగ్గర శుద్ధమైన జవాబు లేదు. మా చిన్నమ్మకి కూతురు ఒక కాయితం మీద రాసి ఇచ్చింది. చిన్నాయన ఫోటో కడిగించి చట్రం కట్టించాం, ఆ చట్రం వెనక అతికించుకుంది. కూతురు చెప్పినట్టు ఒక్కొక్క అక్షరం ఆకారం చూసి వేలితో కొట్టటం నేర్చుకుంది, నెల పట్టింది. ఇంట్లో అలాంటి బిడ్డ లేనోళ్ళకి మన కార్యకర్తలే సాయం చేయాలి. చేసేటప్పుడు ఒక్క నియమం. ఖాతా వాళ్ళ పేరున ఉండాలి, నంబరు వాళ్ళదై ఉండాలి, రాసిన కాయితం వాళ్ళ చేతిలో పెట్టి, మన ఫోనులో దాని ఫోటో కూడా ఉంచుకోకూడదు. పని తొందరగా అవుతుందని 'నాది వేస్తా' అనొద్దు. ఆ మాట మనోడు అన్నా అంతే.

నా మాట అయిపోయింది. ఇప్పుడు భోజనాలకు లేవకముందే అందరూ ఫోన్లు బయటికి తీయండి. సెట్టింగులు తెరవండి. ముందు వరసలో ఇంటర్ చదివే పిల్లలు ఆరుగురున్నారు, వాళ్ళకి నిన్న నేర్పాను, ఒక్కొక్క వరసకి ఒకళ్ళు వస్తారు. మీ ఫోను మీరే పట్టుకోండి, వాళ్ళ చేతికివ్వొద్దు, వాళ్ళు చెబుతారు, మీరు నొక్కండి. ఛార్జింగ్ లేనివాళ్ళకి ఆ కిటికీ పక్కన ప్లగ్గు ఉంది. నేను సాయంత్రం ఆరున్నర బస్సు దాకా ఇక్కడే ఉంటాను.